కారు ప్రకటనకు చిన్న రోబో కెమెరా: ఏ షాట్లకు తేవాలి, ఏ షాట్లకు అక్కర్లేదు

రాయగడ నుంచి ప్రశ్న పంపిన మిత్రునికి నమస్కారం. మీరు అడిగినది క్లుప్తంగా ఇదీ: పెళ్లి వీడియోలు తీసే మీ యూనిట్‌కు జయపురంలోని ఒక కార్ల షోరూం వారు దసరా కోసం 40 సెకన్ల ప్రకటన అప్పగించారు. ఒడియాలో ఒకటి, తెలుగులో ఒకటి కావాలన్నారు. ఎక్కడో చూసిన రోబో కెమెరా షాట్లు అందులో ఉండి తీరాలని పట్టుబడుతున్నారు. చిన్న రోబో ఆర్మ్‌ను, అంటే కెమెరాను మోసే యంత్రపు చేతిని, హైదరాబాద్ నుంచి మూడు రోజులకు అద్దెకు తేవాలా, మీ దగ్గరున్న గింబల్‌తోనే (కెమెరా కుదుపులను సరిచేసే చేతి పరికరం) సరిపెట్టుకోవాలా, సుంకి ఘాట్ రోడ్డు మీద కూడా దానితో తీయవచ్చా అన్నవి మీ సందేహాలు.

నా జవాబు: తెప్పించండి, కానీ ఒక్క రోజుకే, అదీ ఐదారు షాట్లకే. మిగతాది గింబల్‌తోనూ డ్రోన్‌తోనూ తీయండి. మిగిలిన రెండు రోజుల అద్దెను లైట్ల మీద పెట్టండి. ఘాట్ రోడ్డు మీద కదిలే కారును ఈ యంత్రంతో తీయలేరు. నిలిపి ఉంచిన కారును మాత్రం తీయవచ్చు, అందుకు ఒక పద్ధతి ఉంది, దాని సంగతి తరువాత చెబుతాను. నేను పదకొండేళ్లుగా మోషన్ కంట్రోల్ ఆపరేటర్‌గా, అంటే కెమెరా కదలికలను యంత్రంతో నడిపించేవాడిగా, పని చేస్తున్నాను. మొదట హైదరాబాద్‌లో చేశాను, ఇప్పుడు బరంపురంలో ఉంటూ అటు విశాఖ వరకూ, ఇటు కొరాపుట్ వరకూ పనులకు వెళుతున్నాను. కింద రాసినదంతా ఆ అనుభవంలోనిదే.

మొదట, షోరూం వారు చూసిన షాట్లకూ మీకు అద్దెకు దొరికే యంత్రానికీ మధ్య తేడా తెలుసుకోవాలి. నీటి చుక్క గాలిలో ఆగినట్టు కనిపిస్తుండగా కెమెరా దాని చుట్టూ దూసుకుపోయే షాట్లు ఎక్కువగా బోల్ట్ వంటి పెద్ద యంత్రాలతో తీసినవి. ఇంగ్లండ్‌కు చెందిన మార్క్ రాబర్ట్స్ మోషన్ కంట్రోల్ సంస్థ తయారు చేసే ఆ యంత్రం వందల కిలోల బరువుంటుంది, పట్టాల మీద నడుస్తుంది. మీకు దొరికేది అది కాదు. ఫ్యాక్టరీల్లో మనుషుల పక్కన పని చేయడానికి తయారైన చిన్న రోబో చేతికి కెమెరా తగిలించి, సినిమా సాఫ్ట్‌వేర్‌తో నడిపే రకం మీకు వస్తుంది. ఉదాహరణకు డెన్మార్క్‌కు చెందిన యూనివర్సల్ రోబోట్స్ వారి యూఆర్10ఇ అనే చేతిని తీసుకోండి. దాని బరువు 33.5 కిలోలు, అందుకునే దూరం 1.3 మీటర్లు, మోయగల బరువు 12.5 కిలోలు. ఇద్దరు మనుషులు ఎత్తి బొలెరో వెనకాల పెట్టుకుని తీసుకెళ్లవచ్చు, మామూలు సింగిల్ ఫేజ్ కరెంటుతో నడుస్తుంది. మన ఊళ్లకు ఇది వరమే, కాకపోతే హద్దులున్న వరం.

మొదటి హద్దు అందుకునే దూరం. మన దేశంలో పన్ను లెక్కల వల్ల చిన్న కార్లను 4 మీటర్లకు కాస్త తక్కువ పొడవుతో తయారు చేస్తారు. మీ షోరూం వారి కొత్త కారు కూడా అలాంటిదే అయి ఉంటుంది. 4 మీటర్ల కారు పక్కన 1.3 మీటర్ల చేయి నిలబడితే, ముందు బంపరు నుంచి వెనక లైటు దాకా ఒకే ఊపులో అది చూపించలేదు. పైగా చెప్పిన 1.3 మీటర్లలో కెమెరాను కావలసిన కోణంలో తిప్పడానికి మిగిలేది ఇంకా తక్కువ, ఎందుకంటే చేయి పూర్తిగా చాచినప్పుడు కీళ్లకు తిరిగే చోటుండదు. కనుక కారు మొత్తాన్ని చుట్టి వచ్చే షాట్ గురించి షోరూం వారికి ముందే నచ్చజెప్పండి. ఈ యంత్రం పని చేసేది హెడ్‌లైటు లోపలి అద్దం దగ్గర, చక్రం ఊచల దగ్గర, గేరు మీట దగ్గర, తలుపు సందులోంచి డాష్‌బోర్డు వరకూ దూరి వచ్చే చోట. ఆ జాగాల్లో గింబల్ పట్టుకున్న మనిషి భుజం అడ్డొస్తుంది, చేయి వణుకుతుంది. రోబోకు ఆ రెండూ లేవు.

రెండో హద్దు వేగం. దీన్ని లెక్క వేసి చూస్తేనే తెలుస్తుంది. ఈ రకం చేతులు సాధారణంగా సెకనుకు ఒక మీటరు వేగం చుట్టూ పని చేస్తాయి. నీటి చుక్క ఆగినట్టు నెమ్మదిగా చూపడానికి సెకనుకు 1000 ఫ్రేముల (బొమ్మల) చొప్పున తీసి 25 ఫ్రేముల చొప్పున చూపిస్తే, తెర మీద 4 సెకన్లు కనిపించేది నిజానికి సెకనులో పదో వంతు. అంతసేపట్లో కెమెరా కదిలేది 10 సెంటీమీటర్లు. ఇక చూసేవాడికి కెమెరా కదిలినట్టే అనిపించదు. అదే 100 ఫ్రేముల చొప్పున తీస్తే తెర మీది 4 సెకన్లు నిజంలో ఒక సెకను, కదలిక దాదాపు మీటరు. అందువల్ల చిన్న చేతితో 100, మహా అయితే 200 ఫ్రేముల దగ్గర ఆగిపోవడం మంచిదని నా అభిప్రాయం. హైస్పీడ్ కెమెరా కూడా అద్దెకు తెమ్మని ఎవరైనా సలహా ఇస్తే, ఆ డబ్బు దండగ.

మరి రోబో ఎందుకు? చేసిన కదలికనే మళ్లీ మళ్లీ, వెంట్రుకవాసి తేడా లేకుండా చేయడానికి. దాని అసలు విలువ ఇదే, వేగం కాదు. యూఆర్10ఇ తిరిగి అదే చోటికి వచ్చినప్పుడు తేడా 0.05 మిల్లీమీటర్లకు మించదని తయారీదారుల లెక్క. దీన్ని ఎలా వాడుకుంటామంటే, ఒకే కదలికను మూడు నాలుగు సార్లు తీస్తాం, ఒక్కోసారిని ఒక్కో పాసు అంటాం. మొదటిసారి పైనుంచి మెత్తని వెలుగు ఒక్కటే ఉంటుంది. రెండోసారి పక్కన సన్నని పొడుగాటి లైటు, కారు ఒంపు గీత మీద మెరుపు కోసం. మూడోసారి అంతా చీకటి, హెడ్‌లైట్లు మాత్రమే వెలుగుతాయి. ఈ ముక్కలన్నిటినీ ఎడిటింగ్‌లో ఒకదాని మీద ఒకటి పేర్చి, ఏ వెలుగు ఎప్పుడు ఎంత రావాలో అక్కడ కూర్చుని నిర్ణయించుకోవచ్చు. పది లైట్లు ఒకేసారి తెచ్చుకోలేని మనవంటి యూనిట్లకు, నాలుగు లైట్లతోనే పది లైట్ల పని జరిగే మార్గం ఇది. మీ ప్రకటనలో ఇలా పాసులుగా తీయవలసిన షాట్ ఒక్కటి కూడా లేకపోతే, రోబో ఎందుకు తెస్తున్నారని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోవాలి.

ఇక్కడ నాకు తగిలిన దెబ్బ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట బరంపురం శివార్లలో, ఖాళీగా ఉన్న ఒక బియ్యం మిల్లు గోదాములో, హెడ్‌లైటు నుంచి బానెట్ మీదుగా అద్దం వరకూ ఒక షాట్ నాలుగు పాసులుగా తీశాం. రాత్రి లాప్‌టాప్‌లో పేర్చి చూస్తే మొదటి రెండు పాసులు చక్కగా అతుక్కున్నాయి, మూడోది అతకలేదు. హెడ్‌లైటు అంచు రెండుగా కనిపించింది. రోబో తప్పేమో అని గంటసేపు దాని కీళ్లన్నీ సరిచూశాం. తప్పు దానిది కాదు. మూడో పాసులో హెడ్‌లైట్లు వేయడానికి మా లైట్‌మన్ డ్రైవర్ సీట్లో కూర్చుని, షాట్ అయ్యేవరకూ అలాగే తల వంచుకుని ఉండిపోయాడు. అతని బరువుకు కారు కుంగింది. మర్నాడు టేపుతో కొలిచి చూస్తే, ముందు చక్రం మీది వంపు దగ్గర 7 మిల్లీమీటర్లు. మా ఫ్రేము వెడల్పు మీటరు, ఫైలు 4096 పిక్సెళ్లు, అంటే ఒక్కో పిక్సెల్‌కు పావు మిల్లీమీటరు కంటే కొంచెం తక్కువ. రోబో తేడా పిక్సెల్‌లో అయిదో వంతు, కారు తేడా 29 పిక్సెళ్లు! యంత్రం 0.05 మిల్లీమీటర్ల నిక్కచ్చితనంతో తిరుగుతున్నా, దాని ఎదుట ఉన్న వస్తువు స్ప్రింగుల మీద ఊగుతోంది.

అప్పటినుంచి నేను పాటించే పద్ధతి ఇది. కారును షాట్ చోటికి తెచ్చాక జాకీతో కొద్దిగా ఎత్తి, నాలుగు వైపులా కెమెరాకు కనబడని చోట జాకీ స్టాండ్లు పెట్టి, బరువు కొంత వాటి మీద ఆనేలా చేస్తాం. చక్రాలు నేలను తాకే ఉండాలి, లేకపోతే కారు తేలిపోతున్నట్టు కనిపిస్తుంది. ఇగ్నిషన్, లైట్ల స్విచ్‌లు కిటికీలోంచి చేయి పెట్టి వేస్తాం, ఎవరూ లోపల కూర్చోరు. తలుపు తెరిచి మూసినా కారు ఊగుతుంది కాబట్టి, ఆ తరువాత రెండు నిమిషాలు ఆగి గాని షాట్ మొదలుపెట్టం. ఇంజను ఆపి గంటల తరబడి లైట్లు వెలిగిస్తే 12 వోల్టుల బ్యాటరీ దిగిపోయి వెలుగు మారుతుంది, అందుకని ఛార్జరు తగిలించి ఉంచుతాం. ఇవన్నీ రోబో అద్దెకిచ్చేవారు మీకు చెప్పరు. అది వారి యంత్రానికి సంబంధించిన విషయం కాదు మరి.

వెలుగు విషయానికి వస్తే, కారు రంగు మీద లైటు వేయడం అనే మాటే తప్పు. కొత్త కారు ఒంటి నిండా అద్దమే. మనం చూసేది దానిలో ప్రతిఫలించే వస్తువులను. పైన పన్నెండు అడుగుల తెల్లని బట్ట తెర కడితే కారు పైకప్పు మీద ఒక శుభ్రమైన తెల్లని చార కనిపిస్తుంది, కట్టకపోతే షోరూం సీలింగ్ ట్యూబులూ ఫ్యాన్లూ కనిపిస్తాయి. రోబో చేయి కూడా తలుపు మీద తన నీడతో సహా ప్రత్యక్షమవుతుంది. మేము కీళ్లు తిరగడానికి సందు వదిలి, చేయి మొత్తానికి నల్లని మఖ్‌మల్ బట్ట చుడతాం. దాని మీద మెరిసే చిన్న లైట్లకు నల్ల టేపు అంటిస్తాం, దగ్గరుండే వారందరూ నల్ల చొక్కాలు వేసుకుంటారు. నిజం చెప్పాలంటే, రోబో షాట్ తీసే రోజు నేను రోబో మీద కంటే బట్టల మీద ఎక్కువ సమయం గడుపుతాను.

ప్రతిఫలనాలు తగ్గించడానికి లెన్సు ముందు పోలరైజర్ అనే ఫిల్టరు వాడతామని చాలామంది అంటారు. గింబల్‌తో అది బాగానే పని చేస్తుంది. రోబో కెమెరాను తన అక్షం మీద గుండ్రంగా తిప్పినప్పుడు మాత్రం, షాట్ మధ్యలోనే దాని ప్రభావం మారి, విండ్‌షీల్డు ఒకచోట పారదర్శకంగా, మరోచోట తెల్లగా అవుతుంది. కాబట్టి అలాంటి తిప్పుడు షాట్లలో పోలరైజర్ తీసేయండి.

సన్నని గొట్టంలా ఉండే ప్రోబ్ లెన్సు గురించి కూడా మీరు అడిగారు. స్టీరింగ్ ఊచల మధ్య నుంచి దూరడానికి అంతకు మించినది లేదు. కానీ దాని అపర్చరు (వెలుగు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్/14 దగ్గర మొదలవుతుంది, ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. మీరు 2.8 దగ్గర తీసే లెన్సుతో పోలిస్తే 25 రెట్ల వెలుగు కావాలి. దానికి తోడు 25 ఫ్రేములకు బదులు 100 ఫ్రేములు తీస్తే మరో 4 రెట్లు, వెరసి 100 రెట్లు. రెండు రోజుల అద్దె లైట్ల మీద పెట్టమన్నది ఇందుకే. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే తీరు) పెంచి కొంత సర్దుకోవచ్చు గాని, నల్లని డాష్‌బోర్డు మీద గ్రెయిన్, అంటే చుక్కల మరక, చీమల బారులా కనిపిస్తుంది.

తీయడానికి ముందురోజే హెడ్‌లైట్ల మినుకును పరీక్షించండి. ఇప్పటి కార్లలో పగటి దీపాలూ మీటరు తెరలూ ఎల్ఈడీలు. వాటిలో చాలావాటి వెలుగును సెకనుకు వందలసార్లు ఆర్పుతూ వెలిగిస్తూ తగ్గిస్తారు. కంటికి తెలియదు, కెమెరాకు తెలుస్తుంది. మీరు వాడదలచిన ప్రతి ఫ్రేము రేటుకూ పది సెకన్లు తీసి పెద్ద తెర మీద చూసుకోండి. మినుకుతుంటే షట్టరును కొంచెం కొంచెంగా మార్చి స్థిరమైన చోటు పట్టుకోవాలి. షోరూం లైట్లకు వేరే లెక్క ఉంది: మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి 25 ఫ్రేములు, 1/50 షట్టరు దగ్గర ఇబ్బంది రాదు, 100 ఫ్రేముల దగ్గర రావచ్చు. నేనైతే షోరూం లైట్లన్నీ ఆర్పించేస్తాను.

కరెంటు గురించి ఒక్క మాట. ఈ చేతులకు కావలసింది కొన్ని వందల వాట్లే, మిక్సీ అంత. కానీ సాయంత్రం వోల్టేజి ఒక్కసారి పడితే కంట్రోలర్ ఆగిపోతుంది, మళ్లీ లేపి స్థానాలు సరిచూసుకోవడానికి అరగంటకు పైగా పడుతుంది, అప్పటిదాకా తీసిన పాసులతో కొత్త పాసు అతుకుతుందో లేదో మళ్లీ పరీక్షించాలి. ఆన్‌లైన్ యూపీఎస్ (కరెంటు పడిపోయినా క్షణం కూడా ఆగకుండా బ్యాటరీ నుంచి అందించే రకం) లేకుండా మొదలుపెట్టకండి. లైట్లకు జనరేటర్ వేరుగా ఉండాలి.

షోరూంలోనే తీయాలన్నది వారి కోరిక అయితే నేలను చూసుకోండి. నున్నటి టైల్సు కింద బోలుగా ఉంటే, చేయి ఠక్కున ఆగినప్పుడు స్టాండు సన్నగా వణుకుతుంది. టైలు మీద నాణెంతో కొట్టి చూస్తే చప్పుడులోనే తెలిసిపోతుంది. గట్టి సిమెంటు నేల ఉన్న గోదాము దొరికితే నా ఓటు దానికే.

భద్రత గురించి రాయకుండా ఉండలేను. మనిషికి తగిలితే ఆగిపోయే రోబో అని అద్దెకిచ్చేవారు చెబుతారు. నిజమే, కానీ అది ఆగేది తగిలిన తరువాతే, పైగా ముందుగా తగిలేది లెన్సు. పర్లాకిమిడి దగ్గర ఒక పనిలో, సగం తెరిచిన తలుపు సందులోంచి లోపలికి వెళ్లే షాట్‌ను మధ్యాహ్నం వరకూ ప్రోగ్రాం చేశాం. టీ విరామంలో యూనిట్‌లో ఎవరో లోపలున్న నీళ్ల సీసా కోసం తలుపు బాగా తెరిచి, తిరిగి వేసేటప్పుడు ఒక గాడి తక్కువకు వేశారు. అందరం సిద్ధం అన్నాక బటన్ నొక్కాను. కెమెరా చుట్టూ ఉండే లోహపు చట్రం తలుపు అంచును గీరుకుంటూ పోయి ఆగింది. కొత్త కారు మీద జానెడు గీత. ఆ డీలరు మంచి మనిషి కాబట్టి రంగు ఖర్చుతో వదిలేశారు. ఇప్పుడు తలుపు సందులో చెక్క ముక్క బిగించి, నేల మీద తలుపు అంచుకు టేపు గుర్తు పెడతాం. విరామం తరువాత మొదటి కదలికను ఎప్పుడూ సెకనుకు 250 మిల్లీమీటర్లకు మించని వేగంతో నడిపించి చూస్తాం. ఫ్యాక్టరీల్లో రోబో దగ్గర నిలబడి నేర్పేటప్పుడు పాటించే హద్దు అదే. ఎర్ర ఆపుడు బటన్ ఒక మనిషి చేతిలో ఉండాలి, ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు.

ఇక సుంకి ఘాట్. కదిలే కారు వెంట పరుగెత్తే షాట్లకు వాడేది మరో కారు పైకప్పు మీద బిగించిన క్రేన్. దాన్ని మన యూనిట్లలో రష్యన్ ఆర్మ్ అంటారు గాని, తయారు చేసింది ఉక్రెయిన్ ఇంజనీరు అనతోలీ కోకుష్. 2006లో ఆయనకు ఆస్కార్ అకాడమీ సాంకేతిక పురస్కారాలు కూడా ఇచ్చింది. మీ బడ్జెట్‌కు అది అందదు, ఆ మలుపులకు డ్రోనే చాలు. అయితే చిన్న రోబోతో అక్కడ చేయదగిన మంచి షాట్ ఒకటుంది. పొట్టంగి వైపు కొండలు వెనక కనిపించే చోట కారును నిలిపి, ఒకే కదలికను మధ్యాహ్నం నాలుగింటికి ఒకసారి, సూర్యుడు దిగుతుండగా ఒకసారి, చీకటి పడ్డాక హెడ్‌లైట్లతో ఒకసారి తీయండి. తెర మీద కెమెరా ఒక్క ఊపులో కదులుతుండగానే పగలు రాత్రి అయిపోతుంది. మేము దీన్ని సెప్టెంబరులో ప్రయత్నించి మొదటి రోజు చెడగొట్టుకున్నాం. వానకు నానిన ఎర్రమట్టిలో స్టాండు ఒక కాలు మూడు గంటల్లో వేలెడు దిగిపోయింది. రెండో రోజు మూడు కాళ్ల కిందా నాపరాళ్లు పరిచి, దిమ్మిసతో కొట్టి కూర్చోబెట్టాక నిలబడింది. మీరు కూడా దసరాకు ముందే తీస్తారు కాబట్టి వాన, పొగమంచు మీ లెక్కలో ఉండాలి. రోడ్డు పక్కన తీయడానికి పోలీసు అనుమతీ, రిజిస్టరు కాని కారును అంత దూరం నడపడానికి డీలరు ట్రేడ్ సర్టిఫికెట్టూ ముందే అడిగి పెట్టుకోండి.

చివరగా, ఒడియా, తెలుగు రెండు ప్రకటనల సంగతి. మనవంటి సరిహద్దు ఊళ్లలో రోబో ఎక్కువ ఆదా చేసేది ఇక్కడేనని నాకు అనిపిస్తుంది. తాళం చేతికందిస్తూ ఒక మాట చెప్పే షాట్‌ను ఒడియా నటుడితో ఒకసారి, తెలుగు నటుడితో ఒకసారి అదే కదలికతో తీస్తే, ఎడిటింగూ సంగీతమూ రెండింటికీ ఒకటే సరిపోతాయి. కానీ రోబో నటుడి కోసం ఆగదు. మేము తీసిన ప్రకటనలో ఒడియా వాక్యం మూడు సెకన్లలో అయిపోయింది, తెలుగు వాక్యం నాలుగు దాటింది. తెలుగు నటుడు ఇంకా మాట్లాడుతుండగానే కెమెరా తాళం మీదికి దిగిపోయింది. సెట్ మీద నిలబడి తెలుగు వాక్యంలో రెండు మాటలు కొట్టేయవలసి వచ్చింది. కనుక ప్రోగ్రాం చేయడానికి ముందే రెండు వాక్యాలనూ నటుల చేతే పలికించి, స్టాప్‌వాచ్‌తో కొలిచి, పొడుగైనదాని ప్రకారం కదలిక సమయం పెట్టుకోండి. షాట్ల జాబితా తయారయ్యాక ఇక్కడే పెట్టండి, ఏవి రోబోకు, ఏవి గింబల్‌కు అన్నది గుర్తు పెట్టి ఇస్తాను.